ఉమ్మడి ల్యాబ్ బాగోగులు: విశాఖ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

మా డిపార్ట్‌మెంట్‌లోని ఉమ్మడి ల్యాబ్‌ని నలుగురు గైడ్ల స్కాలర్లు వాడుకుంటారు. సింథసిస్ చేసేవాళ్ళు, నానో మెటీరియల్స్ వాళ్ళు, సముద్రపు నీటి నమూనాలు పరీక్షించేవాళ్ళు, అందరికీ అదే గది. వేసవి సెలవుల్లో జనం పలచబడతారు కాబట్టి ల్యాబ్ భద్రత, మెయింటెనెన్స్ ఒక దారికి తెచ్చే పని ఇప్పుడే మొదలుపెట్టమని హెడ్ గారు నాకు అప్పగించారు.

సీసాల లెక్కతో మొదలుపెట్టాం. అల్మారాలు, హుడ్ల (ఆవిర్లను బయటికి లాగే పెట్టెల) కింది అరలు, సింకు పక్క గూళ్ళు, ఫ్రిజ్, అన్నీ ఖాళీ చేసి రిజిస్టర్‌లో రాస్తున్నాం. ప్రతి రెండో సీసా దగ్గర ఒకే సంభాషణ.

"తమ్ముడూ, ఇది ఎవరిది?"

"ఏమో అన్నా, నేను చేరేటప్పటికే ఉంది."

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. సొంత బెంచి మీద ఫ్లాస్కు తళతళలాడేలా తోముకునే స్కాలర్, ఉమ్మడి అరలో సీసా కారుతుంటే పక్కకు జరిపి వెళ్ళిపోతాడు. దీన్ని నేను నిర్లక్ష్యం అనను. ఎవరిదో తెలియని వస్తువు మీద చెయ్యి వేసే హక్కు తనకుందని ఎవరికీ అనిపించదు. అందుకే ఈ పనికి ఒక నియమం పెట్టుకున్నాం. ల్యాబ్‌లో ఉన్న ప్రతి సీసాకీ, సిలిండర్‌కీ, యంత్రానికీ ఒక మనిషి పేరు, ఒక తేదీ ఉండాలి. సీసాకైతే వచ్చిన తేదీ, మూత తీసిన తేదీ రెండూ ఉండాలి. మార్కర్‌తో రాసి పైన సెల్లో టేపు అంటించాలి. లేకపోతే ఎసిటోన్ చుక్క పడగానే అక్షరాలు పోతాయి.

ఇన్నాళ్ళూ సీసాలన్నీ అక్షర క్రమంలో ఉన్నాయి. వెతుక్కోవడానికి హాయే గానీ, ఆ లెక్కన నైట్రిక్ యాసిడ్, నైట్రోబెంజీన్ పక్కపక్కన చేరాయి. ఒకటి ఆక్సీకరణి (ఇతర పదార్థాలను మండించేది), ఇంకోటి దానికి ఆహారం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పక్కన అమ్మోనియా పెట్టడంతో ఆ అరలో సీసాలన్నిటి మీదా తెల్లటి పొడి పేరుకుంది. అది అమ్మోనియం క్లోరైడ్. మూతలు సరిగ్గా లేవని, గాలి ఆడడం లేదని అదే చెబుతోంది. ఇప్పుడు గుణాన్ని బట్టి విడదీశాం. యాసిడ్లు కింది అరలో ప్లాస్టిక్ ట్రేల్లో ఉంటాయి. నైట్రిక్ మాత్రం మిగతా యాసిడ్లతో కూడా కలవకుండా విడిగా. ఎసిటిక్ యాసిడ్‌కి పేరులో యాసిడ్ ఉన్నా మండే గుణం ఉంది కాబట్టి సాల్వెంట్ల (ద్రావకాల) వైపు వెళ్ళింది. కంటి ఎత్తు దాటిన అరల్లో ద్రవాలేవీ ఉంచకూడదని కూడా తీర్మానించాం.

మే మొదటి వారం

ఈ వారమంతా ఈథర్లకే పోయింది. పోవాల్సిందే కూడా.

డైఈథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మేలో మధ్యాహ్నం మా స్టోర్ గది వేడి అక్కడికి చేరుతుంది. అంటే మూత బిగించిన సీసా లోపల ఈథర్ మరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఇది కంటికి కనిపించే ప్రమాదం, మూత తీయగానే చేసే చప్పుడుతో తెలుస్తుంది. కనిపించనిది పెరాక్సైడ్. ఈథర్, టీహెచ్ఎఫ్, డయాక్సేన్ లాంటి సాల్వెంట్లు గాలి, వెలుతురు తగిలితే నెమ్మదిగా పెరాక్సైడ్లుగా మారతాయి. తయారీదారులు బీహెచ్‌టీ లాంటి నిరోధకం కలిపి పంపుతారు గానీ అది ఖర్చయిపోయే సరుకు. మూత తీసిన ప్రతిసారీ కొత్త గాలి వెళ్తుంది, కొంత నిరోధకం ఖర్చవుతుంది. అది అయిపోయాక పెరాక్సైడ్ పేరుకుంటుంది. అలాంటి ద్రవాన్ని డిస్టిల్ చేస్తే ఈథర్ ఎగిరిపోయి, ఫ్లాస్కు అడుగున పెరాక్సైడ్ చిక్కబడుతుంది. పూర్తిగా ఆరనిస్తే పేలుతుంది.

పరీక్ష సులువు. ఒకటి రెండు మిల్లీలీటర్ల సాల్వెంట్‌కి అంతే ఎసిటిక్ యాసిడ్, కొన్ని చుక్కల పొటాషియం అయొడైడ్ ద్రావణం కలిపి కుదపాలి. రంగు రాకపోతే నిశ్చింత. లేత పసుపు వస్తే కొద్దిగా ఉన్నట్టు, గోధుమ రంగు వస్తే చాలా ఉన్నట్టు. తేదీ ఉన్న సీసాలన్నీ ఇలా చూశాం. పసుపు తిరిగినవి పక్కన పెట్టాం.

తేదీ లేని ఐసోప్రొపైల్ ఈథర్ సీసా ఒకటి స్టోర్ గది వెనక అరలో దొరికింది. మూత చుట్టూ తెల్లటి పలుకులు ఉన్నాయి. దాన్ని పరీక్షించలేదు, కదపలేదు, మూత తిప్పలేదు. పెరాక్సైడ్ పలుకులు మూత మరల్లో ఉంటే తిప్పే రాపిడి చాలు. ఆ గదికి తాళం వేసి, హెడ్ గారికి రాతపూర్వకంగా తెలిపి, నిపుణులు వచ్చి తీసుకెళ్ళేదాకా అటు ఎవర్నీ వెళ్ళనివ్వలేదు. జూనియర్ ఒకరు "అన్నా, మెల్లగా ఎత్తి బయట పెట్టేద్దామా?" అన్నాడు. అలాంటి సీసా దగ్గర ధైర్యం పనికిరాదు, దూరమే పనికొస్తుంది.

ఈ పని చేస్తుండగానే మే 7 వచ్చింది. వైజాగ్‌లో ఉన్నవాళ్ళు ఆ తేదీని మరచిపోలేరు. 2020లో ఆ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ అది. పాలిమరైజేషన్‌ని (అణువులు గొలుసులుగా అతుక్కోవడాన్ని) అడ్డుకునే నిరోధకం టీబీసీ తగినంత లేక, వేడి పెరిగి, ఆ వేడికి చర్య ఇంకా వేగమై, ట్యాంకు అదుపు తప్పింది. మా సీసాలో 500 మిల్లీలీటర్లే ఉండొచ్చు. లోపల జరిగేది మాత్రం ఆ కోవదే. నిల్వ ఉన్న రసాయనం ఊరికే కూర్చోదు, దాన్ని పట్టి ఉంచే నిరోధకానికి ఆయుష్షు ఉంటుంది. కాబట్టి సీసా మీద తేదీ రాయడాన్ని గుమాస్తా పనిగా చూడొద్దని స్కాలర్లందరికీ ఈ ఊరి ఉదాహరణతోనే చెప్పాను. వాళ్ళలో ఇద్దరు గోపాలపట్నం వైపు వాళ్ళు. వాళ్ళకి వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఇకనుంచి ఈథర్లు చిన్న సీసాల్లోనే కొంటాం. మూత తీసిన మూడు నెలలకు పరీక్ష, ఆరు నెలలకు పారవేత.

మే చివర

ఫ్యూమ్ హుడ్ గురించి కాస్త వివరంగా రాసి పెడతాను, తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

స్విచ్ వేస్తే చప్పుడు వస్తుంది, టిష్యూ కాగితం లోపలికి వంగుతుంది. ఇన్నాళ్ళూ దాన్నే పరీక్షగా అనుకున్నారు. మెకానికల్ డిపార్ట్‌మెంట్ నుంచి ఎనిమోమీటర్ అడిగి తెచ్చి, హుడ్ ముఖాన్ని తొమ్మిది గళ్ళుగా అనుకుని ఒక్కో గడి దగ్గర గాలి వేగం చూశాం. మామూలుగా సెకనుకి 0.4 నుంచి 0.6 మీటర్ల మధ్య ఉండాలి. మాకు ఎక్కడా 0.25 దాటలేదు. కింది మూలల్లో అయితే దాదాపు ఏమీ లేదు.

కారణాలు మూడు దొరికాయి. మొదటిది హుడ్ లోపలే ఉంది. వెనక గోడకున్న చీలికల ద్వారా గాలి పోవాలి, వాటికి అడ్డంగా సీసాలు పేర్చారు. హుడ్‌ని అల్మారాలా వాడడం ప్రతి ల్యాబ్‌లోనూ ఉన్న జబ్బే. రెండోది, గాలిని లాగే బ్లోయర్ (పెద్ద ఫ్యాన్) బెల్టు. డాబా మీద ఉప్పుగాలికి పుల్లీ తుప్పు పట్టి, బెల్టు వదులై జారుతోంది.

మూడోది మా అటెండర్ గారు పట్టుకున్నారు. డాబా మీద నిలబడి కాసేపు చూసి, "బాబూ, మోటారు చుట్టించి బిగించినప్పటి నుంచీ ఇది ఎదురు తిరుగుతోంది" అన్నారు. త్రీ ఫేజ్ మోటారుకి రెండు తీగలు తారుమారైతే తిరిగే దిక్కు మారిపోతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోయర్‌లో ఉన్న చిక్కేమిటంటే, ఎదురు తిరిగినా గాలి అటువైపే పోతుంది, కాకపోతే చాలా తక్కువ పోతుంది. అందుకే చప్పుడుకీ టిష్యూ కాగితానికీ దొరకలేదు. ఎలక్ట్రీషియన్ రెండు తీగలు మార్చాడు. ఆటోనగర్ నుంచి కొత్త పుల్లీ, బెల్టు తెప్పించి వేయించాం. హుడ్‌లోంచి సీసాలు తీసేశాక మళ్ళీ కొలిస్తే సగటు 0.5కి వచ్చింది. బ్లోయర్ ఒంటి మీద బాణం గుర్తు పెద్దగా ఎర్ర రంగుతో వేయించాం, ఇక మోటారు ఎవరు విప్పి బిగించినా దిక్కు చూసుకుంటారు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న ఆ మనిషిని ఇలాంటి విషయాల్లో ముందే అడగడం అలవాటు చేసుకోవాలి.

కొలత సరిపోయినా పని పూర్తి కాలేదు. సాల్వెంట్లన్నీ బయటికి పంపేసి, అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూశాం. హుడ్ ముందు సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే పొగ సగం మన ముఖం మీదికే వస్తోంది. సముద్రం వైపు కిటికీ తీసినా అంతే. వైజాగ్ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమంటే ఎవరికైనా కష్టమే. అందుకని హుడ్‌కి దగ్గరగా ఉన్న ఒక్క ఫ్యాన్ కనెక్షన్ తీయించి, మిగతావి ఉంచాం. హుడ్ ముందరి అద్దం ఎంత ఎత్తు లేపొచ్చో 45 సెంటీమీటర్ల దగ్గర పసుపు టేపు అంటించాం. అంచుకి ఒక ట్రేసింగ్ పేపర్ చీలిక వేలాడదీశాం. అది కదలకపోతే పని మొదలుపెట్టకూడదు. అది కదిలినంత మాత్రాన అంతా బాగుందని అనుకోకూడదు, మూడు నెలలకోసారి కొలత తప్పదు.

జూన్

తొలకరి పడింది. గాలిలో తేమ పెరగగానే యంత్రాల ఫిర్యాదులు మొదలయ్యాయి. వ్యాక్యూమ్ కోసం వాడే రోటరీ పంపు నూనె పాలలా తెల్లబడింది, నీరు చేరింది. నూనె మార్చి, ఆపే ముందు గ్యాస్ బలాస్ట్ (నీటి ఆవిరిని బయటికి పంపే చిన్న వాల్వు) తెరిచి కాసేపు నడపమని పంపు మీదే రాసి పెట్టాం. తేమ తగలకుండా ఉంచే డెసికేటర్లలో నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి తిరిగింది, ఓవెన్‌లో ఎండబెడుతున్నాం. మైక్రోస్కోప్ కటకాలకు బూజు పట్టకుండా వాటిని సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెడుతున్నాం. తీరం ఊళ్ళలో ఇది ఏటా ఉండే పనే.

సిలిండర్లకి ఎక్కువ సమయం పట్టింది. నిండు నైట్రోజన్ సిలిండర్‌లో పీడనం 150 బార్ దాకా ఉంటుంది. అది పడి వాల్వు విరిగితే ఆ బరువంతా గాల్లోకి దూసుకుపోతుంది. మావి కొన్ని గోడకి ఆనించి ఉన్నాయి, కొన్నిటికి తాడు. అన్నిటికీ మూడింట రెండొంతుల ఎత్తులో గొలుసు వేయించాం. వాడనప్పుడు టోపీ బిగించే ఉండాలి. గ్యాస్‌ని రంగు చూసి గుర్తుపట్టడం అలవాటే, బూడిద రంగు మీద నల్ల మెడ ఉంటే నైట్రోజన్, ఎరుపు హైడ్రోజన్. కానీ ఉప్పుగాలికి పెయింటు ఊడిపోయిన సిలిండర్‌ని రంగుతో నమ్మకూడదు, లేబుల్ లేకపోతే వెనక్కి పంపేయాలి. మండే గ్యాసుల వాల్వులకి ఎడమ మరలు ఉంటాయి. బిగుసుకోవడం లేదని పానాతో బలవంతం చేయబోయిన కొత్త స్కాలర్‌కి అది దగ్గరుండి చూపించాం. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలకూడదు. లీకు చూడడానికి సబ్బు నీళ్ళే.

హైడ్రోజన్ సిలిండర్‌ని భవనం బయట ఇనుప జాలీ గదిలోకి మార్చి, లోపలికి గొట్టం వేయించే ప్రతిపాదన పెట్టాను. ఖర్చు గురించి కమిటీలో కొంత చర్చ జరిగింది. 2018 డిసెంబరు 5న బెంగళూరు ఐఐఎస్సీలో జరిగిన పేలుడులో ఒక పరిశోధకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు, హైడ్రోజన్ సిలిండర్ వల్లేనన్నారు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకూ ఎంత కలిసినా మండే గ్యాస్ ఇది, రంగూ వాసనా లేదు. ప్రతిపాదన ఆమోదం పొందింది.

ద్రవ నైట్రోజన్ డబ్బాని లిఫ్టులో పంపేటప్పుడు మనిషి ఎక్కకూడదని కూడా ఈ నెలలోనే నిర్ణయించాం. ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది. లిఫ్టు మధ్యలో ఆగితే ఆ చిన్న పెట్టెలో ఆక్సిజన్ మిగలదు. ఒకరు కింద ఎక్కిస్తారు, ఇంకొకరు పైన దింపుతారు.

జూలై

కళ్ళు కడిగే ఐవాష్. వారానికోసారి తిప్పి చూడమని పేరు పెట్టి ఒకరికి అప్పగించాం. మొదటి వారం ఎర్రటి తుప్పు నీళ్ళు వచ్చాయి. యాసిడ్ పడిన కంటిని 15 నిమిషాలు ఆపకుండా కడగాలి, ఆ నీళ్ళే తుప్పుతో ఉంటే ఏం లాభం? ఇంకో సంగతి మేలోనే గమనించి రాసుకున్నాను. డాబా మీద నల్ల ట్యాంకు ఎండకి కాగి, మధ్యాహ్నం కుళాయి నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. ఐవాష్ నీరు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. వచ్చే ఎండాకాలంలోగా ట్యాంకుకి రేకుల నీడ, బయటి పైపుకి తొడుగు వేయించాలి.

వెనక తలుపుకి అడ్డంగా ఉన్న అల్మారా జరిపించాం. తాళం తీసేసి, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే గడియ పెట్టించాం.

కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కి ముల్లు ఉండదు, తూచి చూస్తేనే ఎంత ఉందో తెలుస్తుంది. ఒకదాని బరువు బాగా తగ్గింది, రీఫిల్‌కి పంపాం.

ఆగస్టు

వేస్టు గురించి. "వేస్ట్" అని మాత్రమే రాసి ఉన్న క్యాన్లు, మినరల్ వాటర్ బాటిళ్ళలో ఏవో ద్రవాలు. తాగే నీళ్ళ బాటిల్‌లో రసాయనం పోయడం పూర్తిగా ఆపించాం, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు.

ఇప్పుడు క్లోరిన్ ఉన్న సాల్వెంట్లకి ఒక క్యాన్, లేనివాటికి ఒకటి, లోహాలు కలిసిన నీటి ద్రావణాలకి ఒకటి, నైట్రిక్ యాసిడ్‌కి పూర్తిగా విడిగా ఒకటి. నైట్రిక్ ఉన్న సీసాలో కాస్త ఎసిటోన్ గానీ ఆల్కహాల్ గానీ పడితే, వెంటనే ఏమీ కాకపోయినా గంటల తర్వాత వాయువు పుట్టి సీసా పగులుతుంది. అప్పటికి పోసిన మనిషి హాస్టల్‌కి వెళ్ళిపోయి ఉంటాడు, ఆ పక్కన ఇంకెవరో ఉంటారు. గాజు సామాను కడగడానికి క్రోమిక్ యాసిడ్ వాడడం మానేశాం. అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. డిటర్జెంట్‌లో రాత్రంతా నానబెట్టి బ్రష్‌తో తోమితే నూటికి తొంభై సామాన్లు శుభ్రపడుతున్నాయి.

"కొద్దిగానే కదా, సింకులో పోస్తే ఏమవుతుంది?" అనే మాట ఇంకా వినబడుతోంది. ఊళ్ళో గెడ్డలు చివరికి కలిసేది సముద్రంలోనే. మా ల్యాబ్‌లోనే ఒక బృందం అదే సముద్రపు నీటిలో లోహాలు కొలుస్తోంది. ఆ బృందంలోని అమ్మాయి తన గ్రాఫులు తెచ్చి మీటింగ్‌లో చూపించాక ఆ మాట తగ్గింది.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. పరవాడ ఫార్మా సిటీ వైపు శుద్ధి కేంద్రం ఉంది కాబట్టి దూరం సమస్య కాదు. ఒక్క ల్యాబ్ నుంచి కొద్ది లీటర్ల కోసం బండి రాదు, అదీ సమస్య. మిగతా సైన్స్ డిపార్ట్‌మెంట్లను కలుపుకుని మూడు నెలలకోసారి ఒకే లోడు పంపేలా రిజిస్ట్రార్ ఆఫీసుకి ఉత్తరం పెట్టాం. లేబుళ్ళు ఫారం 8లో, వెంట వెళ్ళే మ్యానిఫెస్ట్ ఫారం 10లో ఉండాలి. ఫారాలు నింపడం నేర్చుకోవడానికి స్టోర్స్ గుమాస్తా గారు ముందుకొచ్చారు, అది పెద్ద సాయం.

సెప్టెంబరు

కొత్త స్కాలర్లు చేరారు. వాళ్ళతో బట్టల గురించి ముందు మాట్లాడాం. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో షెహర్‌బానో సాంగ్జి అనే 23 ఏళ్ళ సహాయకురాలు గాలి తగిలితేనే మండే టెర్ట్ బ్యూటైల్ లిథియం తీస్తుండగా సిరంజి విడిపోయి మంటలు అంటుకున్నాయి. ల్యాబ్ కోటు లేదు. ఒంటి మీదున్న సింథటిక్ స్వెట్టర్ కరిగి అంటుకుంది. జనవరిలో ఆమె చనిపోయింది. మన దగ్గర పాలియెస్టర్ చుడీదార్లు, చున్నీలు రోజువారీ బట్టలు. "చున్నీ తీసేయమంటే ఇబ్బందిగా ఉంటుంది అన్నా" అని ఒకమ్మాయి నిజాయితీగా చెప్పింది. దానికి దారి సీనియర్ అమ్మాయిలే చూపించారు. మెడ దాకా బొత్తాలున్న, పొడుగు చేతుల మందపాటి కాటన్ కోట్లు ఎవరి కొలతకి వాళ్ళకి కుట్టించుకుంటే, చున్నీ లాకర్‌లో పెట్టుకోవచ్చు. డిపార్ట్‌మెంట్ డబ్బుతోనే కుట్టించాం. హవాయి చెప్పులు తలుపు దగ్గరే ఆగిపోతాయి.

రాత్రి తొమ్మిది తర్వాత ఒంటరిగా పని చేయకూడదు. ఇది అందరికీ నచ్చలేదు. ఒక గైడ్ గారు మా పిల్లల పని ఆగిపోతుందన్నారు. రెండు బృందాల స్కాలర్లు జత కట్టి రావొచ్చు, పేర్లు బోర్డు మీద రాయాలి అన్నాక ఒప్పుకున్నారు.

కరెంటు పోయినప్పుడు హీటింగ్ మాంటిల్ (ఫ్లాస్కుని వేడిచేసే పరికరం) స్విచ్ ఆపాలనేది కూడా నియమమైంది. కరెంటు తిరిగొచ్చేసరికి గదిలో ఎవరూ ఉండకపోవచ్చు, మాంటిల్ మాత్రం వేడెక్కుతుంది. ట్యాంకు ఖాళీ అయితే ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో నీళ్ళు ఆగి సాల్వెంటంతా గదిలోకి వస్తుంది. రాత్రంతా నడిచే రిఫ్లక్స్‌లకి (మరిగిన ఆవిరిని చల్లార్చి మళ్ళీ ఫ్లాస్కులోకే తెచ్చే ప్రయోగాలకి) చిన్న పంపుతో బకెట్ నీళ్ళు తిప్పే ఏర్పాటు చేశాం. నీళ్ళూ ఆదా.

అక్టోబరు

తుపాన్ల నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో కిటికీ అద్దాలు, కరెంటు ఏమయ్యాయో సీనియర్లు చెబుతుంటే రాసుకుని ఒక పట్టిక చేశాం. సోడియం, కాల్షియం హైడ్రైడ్, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ నీరు తగిలితే మండుతాయి. అవి కిటికీ పక్క అల్మారాలో ఉండేవి. ఇప్పుడు లోపలి గోడ వైపు, నేల నుంచి ఎత్తులో, మూత బిగిసే డబ్బాల్లో ఉన్నాయి. హెచ్చరిక రాగానే కొత్త రియాక్షన్లు ఆపేయడం, సిలిండర్ల వాల్వులు కట్టేయడం, డాబా మీద బ్లోయర్ బిగింపులు చూడడం, ఫ్రిజ్‌లో చల్లగానే ఉండాల్సిన వాటి జాబితా తలుపు మీద అంటించడం, ఇవి ఎవరెవరు చేయాలో పేర్లతో ఉంది.

ఫ్రిజ్ విషయం తేలలేదు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో దీపం, థర్మోస్టాట్ నిప్పురవ్వ పుట్టించగలవు, ఈథర్ ఆవిరికి అది చాలు. మండే సాల్వెంట్లన్నీ దాంట్లోంచి తీసేశాం. రవ్వ పుట్టని ఫ్రిజ్ కోసం ఇండెంట్ పెట్టాం, వచ్చే బడ్జెట్‌లో వస్తుందన్నారు.

నవంబరు

ఇన్ని నెలల పనిలో నాకు ఎక్కువ తృప్తి ఇచ్చింది ఒక కాగితం. థీసిస్ సమర్పించేవాళ్ళు లైబ్రరీ, హాస్టల్ నుంచి నో డ్యూస్ తెచ్చుకుంటారు. ఇప్పుడు దానికి ల్యాబ్ గడి కూడా చేర్చారు. తన పేరున్న ప్రతి సీసానీ వేరే స్కాలర్ సంతకంతో తీసుకోవాలి, లేదా వేస్టుకి పోవాలి. తాను తయారుచేసిన నమూనాల మీద అందులో ఏముందో పూర్తి పేరుతో ఉండాలి, "ఆర్‌కే 47" లాంటి సంకేతాలు చెల్లవు. అప్పుడే గడిలో సంతకం.

మొదటగా వెళ్ళిపోతున్న సీనియర్ ఈ వారం తన అరలు ఖాళీ చేశాడు. అట్టపెట్టె నిండా చిన్న వయల్స్, సగానికి పైగా తనవే గానీ గుర్తులేనివి. రెండు రోజులు కూర్చుని తన పాత నోట్‌బుక్కులతో సరిపోల్చి రాశాడు. మిగిలినవి ఈ శనివారం పరీక్షించి ఏ క్యాన్‌లోకి వెళ్ళాలో తేల్చాలి. అదే రోజు హుడ్ గాలి వేగం కొలవాల్సిన గడువు కూడా ఉంది, ఎనిమోమీటర్ కోసం మెకానికల్ వాళ్ళకి చెప్పి ఉంచాను.